కోర్సుకు ₹24,000 కట్టే ముందు: మ్యూజిక్ ప్రొడక్షన్ ఎక్కడ నేర్చుకోవాలి?

"అన్నా, ఇరవై నాలుగు వేలు. ఈఎంఐ గూడా ఉందంట. ఈ రాత్రి పన్నెండు లోపల కడితే రెండు వేలు తగ్గిస్తారంట."

పోయిన సంక్రాంతికి కణేకల్ పోయినప్పుడు మా చిన్నమ్మ కొడుకు ఫోన్ నా ముందు పెట్టి అన్న మాటలివి. స్క్రీన్ మీద ఒక ఆన్‌లైన్ అకాడమీ పేజీ ఉంది. పేరు చెప్పను. మూడు నెలల్లో మ్యూజిక్ ప్రొడ్యూసర్ అయిపోవచ్చని పెద్ద అక్షరాలు, కింద సెకన్లు తగ్గుతున్న టైమర్. అదే లింక్‌ను నేను ఇన్‌కాగ్నిటోలో తెరిచాను. టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. వాడికి చూపిస్తే నవ్వాడు గానీ, కోర్సు మీద ఆశ మాత్రం పోలేదు.

ఆ డబ్బు చిన్నాయన బోరు మోటరు రీవైండింగ్ కోసం పక్కన పెట్టింది. కణేకల్ అంటే పెద్ద చెరువు, తుంగభద్ర ఎగువ కాలువ, వరి మళ్లు అనుకుంటారు చాలామంది. నిజమే, కానీ వీళ్ల చేను కాలువ నీళ్లు ఎక్కని మిట్టన ఉంది. అక్కడ బోరే దిక్కు.

వాడికి డీజే కావాలనేం లేదు. వాళ్ల చెక్క భజన బృందం పాటలు రికార్డు చేయాలి, అక్కడక్కడ కొంచెం బేస్, కొంచెం ప్యాడ్ కలిపి యూట్యూబ్‌లో పెట్టాలి. ఆ బృందానికి పాట చెప్పే తాతకు డెబ్బై దాటాయి. కొన్ని పాటలకు అన్ని చరణాలూ ఆయనకు తప్ప ఎవరికీ రావు. పోయిన ఏడాది నుంచి గొంతు పట్టేస్తోంది. శ్రీరామనవమి లోపల ఒక నాలుగు పాటలైనా సరిగ్గా పట్టుకోవాలన్నది వీడి ఆరాటం.

కోర్సు సిలబస్ చూశాను. మొదటి నెల ట్రాప్ బీట్లు. రెండో నెల ఈడీఎం డ్రాప్, లో-ఫై. మూడో నెల చివర వోకల్ రికార్డింగ్ మీద ఒక్క సెషన్. శ్రీరామనవమి వచ్చి పోయాక గానీ వీడు మైకు గురించి ఒక్క మాట వినడు.

"కట్టొద్దు" అన్నాను. "మరి యాడ నేర్చుకోవాల?" అన్నాడు. అడిగింది న్యాయమే. వద్దు అని చెప్పడం తేలిక, దాని బదులు ఏం చేయాలో చెప్పడం కష్టం. నాక్కూడా ఇందులో పెద్ద పేరేం లేదు. రోజంతా బ్యాకెండ్ కోడ్ రాసి, రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో చేసుకునే రకం. సేల్ రోజున కొని, ఐదో వీడియో దాటని కోర్సులు నా అకౌంట్‌లో ఇంకా రెండు పడున్నాయి.

ముందు కాగితం, తర్వాతే సాఫ్ట్‌వేర్

ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, రీపర్... ఏది తీసుకున్నా లోపల వందల ఆప్షన్లు ఉంటాయి. ఒక పాటకు అందులో పదిహేను అవసరం పడతాయేమో. ఆ పదిహేను ఏవి అన్నది పాట చెబుతుంది, ట్యుటోరియల్ చెప్పదు. "ఎఫ్ఎల్ నేర్చుకుంటా" అని కూర్చునేవాడు "జావా నేర్చుకుంటా" అని కూర్చున్న మా ఫస్టియర్ బ్యాచ్ లాంటివాడే. సింటాక్స్ వస్తుంది, చేతికి ఏమీ రాదు.

అందుకని ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, వాడి పాటకు ఏమేం కావాలో ఒక కాగితం మీద తెలుగులోనే రాయించాను. చెక్కలు గట్టిగా మోగినప్పుడు రికార్డింగ్ పగలకూడదు. వెనక గుయ్యిమనే శబ్దం పోవాలి. చెక్కల మోతలో తాత గొంతు మునిగిపోకూడదు. పాట వేగం పెరిగేకొద్దీ బేస్ కూడా దానితోపాటు పరిగెత్తాలి. చివరికి వాట్సాప్‌లో పంపినా వినేట్టు ఉండాలి. అంతే, ఐదు. ఇక వీడు వెతకాల్సింది మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సు కాదు, ఈ ఐదింటికి జవాబులు.

చిక్కేమిటంటే, ఇవి తెలుగులో రాసుకున్న సమస్యలు. సెర్చ్ బాక్స్‌లో ఇలాగే కొడితే ఏమీ దొరకదు. ప్రతి సమస్యకూ స్టూడియో వాళ్లు వాడే పేరు ఒకటి ఉంటుంది. పగిలిపోవడం అంటే క్లిప్పింగ్. గుయ్యిమనడం హమ్ లేదా నాయిస్. ఒకటి మోగితే ఇంకోటి వినపడకపోవడం మాస్కింగ్. వేగం మారే పాటకు గీతలు కట్టడం టెంపో మ్యాపింగ్. ఈ పేర్లు తెలియకపోవడమే మన కుర్రాళ్లకు అసలు అడ్డం అని నాకు ఆ రోజే అర్థమైంది. వీడియోలకేం కొదవ లేదు.

ఇక్కడ ఏఐ చాట్‌బాట్ బాగా పనికొస్తుంది. "నా సమస్య ఇదీ, దీన్ని ఏమంటారు?" అని అడగండి, పేరు చెబుతుంది. ఏ మెనూలో ఏది నొక్కాలి అని మాత్రం అడగొద్దు. పాత వర్షన్ మెనూలు, అసలు లేని బటన్లు కూడా ధైర్యంగా చెప్పేస్తుంది. పేరు తీసుకుని మాన్యువల్‌కు పోండి.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నదీ కాగితమే చెప్పింది

మన ఊళ్లలో బీట్ చేసేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఎఫ్ఎల్ స్టూడియో. బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్‌ది, మొదట్లో ఫ్రూటీలూప్స్ అనేవారు. మంచి సాఫ్ట్‌వేర్. ఒకసారి కొంటే కొత్త వర్షన్లు జీవితాంతం ఉచితం. ట్రయల్‌కు గడువు లేదు, పాటను ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. కాకపోతే సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. రాత్రి కరెంటు పోతే పొద్దున మళ్లీ మొదటి నుంచే.

మావాడు అన్నింట్లోకి చౌకైన ఫ్రూటీ ఎడిషన్ కొందామనుకున్నాడు. ఎడిషన్లను పోల్చే పేజీ తెరిచి చూపించాను. నేను చూసినప్పుడు ఆ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగ్, ఆడియో క్లిప్పులు లేవు. అంటే తాత గొంతును ప్లేలిస్ట్‌లో పెట్టడానికే వీలుండదు. బీట్లు మాత్రమే చేసేవాడికి అది చాలు, వీడికి డబ్బు దండగ. ఇది ఏ వీడియోలోనూ వాడికి కనపడలేదట.

చివరికి రీపర్ పెట్టాం. విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్‌దే ఇది కూడా. విండోస్ ఇన్‌స్టాలర్ 20 ఎంబీ కూడా ఉండదు. మావాడి ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, దాని మీద హాయిగా నడిచింది. 60 రోజులు అన్ని ఫీచర్లతో వాడి చూడొచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. చూడ్డానికి అందంగా ఉండదు, ఆ మాట ఒప్పుకుంటా. లోపల రెడీమేడ్ బీట్లు, లూపులు కూడా పెద్దగా ఉండవు. హిప్‌హాప్ చేసేవాడికి నేను ఇది చెప్పను.

క్రాక్ వర్షన్ గురించి కామెంట్లలో అడిగేలోపే చెప్పేస్తున్నా. ఆ ఫోల్డర్లో "యాంటీవైరస్ ఆపేయండి" అని రాసుంటుంది చూడండి, అదొక్కటీ చాలు నాకు.

మాన్యువల్ అంటే భయం ఎందుకు?

రీపర్‌కు జెఫ్రీ ఫ్రాన్సిస్ రాసిన యూజర్ గైడ్ ఉంది. 400 పేజీలకు పైనే, పీడీఎఫ్ ఉచితం. చెప్పగానే మావాడు మొహం పెట్టాడు. "అంతా చదవాల్నా?"

చదవకూడదు. అది నవల కాదు, వంటింట్లో పోపుల పెట్టె లాంటిది. కావాల్సిన అర మాత్రమే తెరవాలి. మొదటి రెండు అధ్యాయాలు చదివి, విషయ సూచికను మాత్రం ఒకసారి మొత్తం చూడమన్నాను. అక్కడ కనిపించే మాటలే రేపు సెర్చ్ బాక్స్‌లో కొట్టాల్సిన మాటలు. ఎఫ్ఎల్ వాడేవాళ్లకైతే ఇంకా సులువు. ఏ ప్లగిన్ మీదైనా ఉండి ఎఫ్1 నొక్కితే దాని పేజీయే తెరుచుకుంటుంది. ఐదేళ్లుగా ఎఫ్ఎల్ వాడుతూ ఎఫ్1 నొక్కని ఫ్రెండ్స్ నాకు ముగ్గురున్నారు.

ఇంగ్లిష్ అడ్డమైతే ఏం చేయాలి? మొదటి వారం తెలుగు వీడియోలు చూడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. తెరపై ఏది ఎక్కడుందో మన భాషలో వింటే భయం పోతుంది. కణేకల్ వాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. బళ్లారి పక్కనే కదా, కన్నడ వీడియో పెట్టినా అర్థమవుతుంది. అయితే ఆ మొదటి వారం దాటాక తెలుగు, కన్నడ వీడియోల్లో ఎక్కువ భాగం రీమిక్స్ చుట్టూనే తిరుగుతాయి. అక్కడ ఆగిపోతే మీరూ అక్కడే ఆగిపోతారు.

వీడియో పెట్టాక మొదటి రెండు నిమిషాలు

వర్షన్ చూడండి. ఎఫ్ఎల్ స్టూడియో 2018లో 12 నుంచి నేరుగా 20కి దూకింది, టైమ్ సిగ్నేచర్ సపోర్ట్ అప్పుడే వచ్చింది. 2016 వీడియో చూసి మిశ్ర చాపు లాంటి ఏడు మాత్రల తాళం ఎఫ్ఎల్‌లో కుదరదని నమ్మినవాణ్ని నేనే. వీడియో అబద్ధం చెప్పలేదు, దాని కాలం అయిపోయిందంతే.

తర్వాత, ఆయన ఏ ప్లగిన్లు వాడుతున్నాడో చూడండి. మొదటి ఐదు నిమిషాల్లోనే "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది" అని ఏదో కొనమంటే అది పాఠం కాదు, షాపు. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే ఈక్యూ, కంప్రెసర్‌తో చేసి చూపించేవాళ్లే నిజంగా నేర్పేవాళ్లు. రీపర్ సైట్‌లో కెన్నీ జోయా చేసిన వీడియోలు ఇలాంటివే. ఒక్కో వీడియో ఒక్కో పని మీద ఉంటుంది, సోది తక్కువ.

ఇంకొకటుంది, నేను చాలా ఆలస్యంగా పట్టుకున్న మోసం. "ముందు, తర్వాత" అని వినిపిస్తారు కదా, ఆ "తర్వాత" శబ్దం ఎంత గట్టిగా ఉందో గమనించండి. ఏ శబ్దమైనా కొంచెం గట్టిగా వినిపిస్తే మన చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. రెండు, మూడు డెసిబెల్స్ పెంచి "చూశారా, ఎంత పంచ్ వచ్చిందో" అంటారు. రెండింటినీ ఒకే లౌడ్‌నెస్‌కు తెచ్చి పోల్చి చూపించే టీచర్ దొరికితే ఆ ఛానెల్ వదలొద్దు. మీ సొంత మిక్స్‌లో కూడా ప్లగిన్‌ను బైపాస్ చేసి, వాల్యూమ్ సమానం చేసి విని చూడండి. నేను గొప్పగా పెట్టుకున్న ప్లగిన్లలో సగం ఆ రోజే తీసేశాను.

చెక్క భజన, టెంపో గీతలు

ఫిబ్రవరిలో వాడి మొదటి రికార్డింగ్ వచ్చింది. విన్నాను. చెక్క పడ్డ ప్రతిసారీ తాత గొంతు అణిగిపోయి, మెల్లగా మళ్లీ పైకి లేస్తోంది. ఇది సాఫ్ట్‌వేర్‌లో బాగయ్యే జబ్బు కాదు. ఫోన్ రికార్డర్‌లో ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ పని చేస్తోంది. ఎదుటివాడి మాట బాగా వినపడాలని ఫోన్ చేసే సాయం ఇక్కడ పాటను పాడు చేసింది. ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఈ ప్రాసెసింగ్ ఏదీ లేని ఆడియో సోర్స్‌ను యాప్‌లు అడగొచ్చు. ఫోన్ దానికి ఒప్పుకుంటే, అలాంటి ఆప్షన్ ఉన్న రికార్డర్ యాప్ పెట్టుకుని ఆటో గెయిన్ ఆపేయాలి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, గట్టి చెక్క దెబ్బ కూడా -6 డీబీ దాటకుండా లెవెల్. 16 బిట్ మోనో అయితే నిమిషానికి 6 ఎంబీ లోపే, స్టోరేజీ భయం అక్కర్లేదు. ఫోన్ తాత ముందు ఉండాలి, చెక్కలవాళ్లు ఆయన వెనక రెండు బారల దూరంలో ఉండాలి. దూరాన్ని మించిన ఈక్యూ లేదు.

రెండో రికార్డింగ్ బాగుంది. గుయ్యిమనేది రీఫిర్ అనే ప్లగిన్‌లో సబ్‌ట్రాక్ట్ మోడ్ పెట్టి తీశాడు. ఇది రీపర్‌తోనే వస్తుంది. కొంచెం ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అవుతుంది, వాడు ఆ తప్పు కూడా చేసి దిద్దుకున్నాడు. తర్వాత నాలుగోది మిగిలింది, బేస్.

చెక్క భజన నెమ్మదిగా మొదలవుతుంది. గురువు పాడతాడు, మిగతావాళ్లు అందుకుంటారు, అడుగులు పడతాయి, చరణం చరణానికీ ఊపు పెరుగుతుంది. ఈ పాట 88 బీపీఎం దగ్గర మొదలై 130 దాటింది. ట్యుటోరియల్ ప్రపంచం మొత్తం ఒకే వేగంతో, నాలుగు నాలుగు గళ్లలో నడుస్తుంది. అందులో బేస్ గీయడం పది నిమిషాల పని. ఇక్కడ మూడో వరుసకే బేస్ ఒకవైపు, చెక్కలు ఒకవైపు.

ఎవరో మెట్రోనోమ్ పెట్టి పాడించమని సలహా ఇచ్చారట. వీడు నిజంగానే తాతకు ఇయర్‌ఫోన్ పెట్టి క్లిక్ వినిపించాడు. ఆయన రెండు వరుసలు పాడి తీసేశారట. "ఇది టిక్కు టిక్కు అంటాంటే దేవుడు గుర్తుకు రాడు రా" అన్నారట. నాకైతే అంతకంటే మంచి ప్రొడక్షన్ సలహా ఏ కోర్సులోనూ దొరకలేదు. పాటను గీతలకు కట్టకూడదు, గీతలను పాటకు కట్టాలి. టెంపో మ్యాపింగ్ అంటే అదే.

పేరు తెలుసు కాబట్టి గైడ్‌లో ఆ భాగం వాడే పట్టుకున్నాడు. తాళం తిరిగి మొదలైన ప్రతి చోటా ఒక టెంపో మార్కర్ పెట్టుకుంటూ పోవాలి. మొదటి రాత్రి ఫోన్ చేసి దాదాపు ఏడ్చాడు. మార్కర్ పెట్టినప్పుడల్లా రికార్డింగే సాగిపోతోందట. "అన్నా, తాత గొంతు రబ్బరు మాదిరి అయితాంది." ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ అని ఒకటి ఉంటుంది. అది బీట్స్ మీద ఉంటే టెంపో మారినప్పుడు ఆడియో కూడా కదులుతుంది. దాన్ని టైమ్‌కు మార్చాలి. అప్పుడు రికార్డింగ్ ఉన్నచోటే ఉంటుంది, గీతలు మాత్రమే జరుగుతాయి. ఇది నాకూ తెలియదు, ఇద్దరం వీడియో కాల్‌లో గైడ్ తిరగేసి పట్టుకున్నాం. రాత్రి ఒంటిగంట అయింది. ఆ పాటకు మొత్తం 60కి పైగా మార్కర్లు పెట్టాడు.

రీవైండింగ్ డబ్బు రీవైండింగ్‌కే పోయింది, ఫిబ్రవరిలోనే మోటరు కాలింది.

నేను నమ్మేవి

తాళం, స్కేలు, కార్డ్ అంటే ఏమిటో అసలు తెలియనివాళ్లకు ఏబుల్టన్ వాళ్ల లెర్నింగ్ మ్యూజిక్ సైట్. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లోనే గళ్లు నొక్కుతూ నేర్చుకోవచ్చు. ఏబుల్టన్ కొనాల్సిన పనీ లేదు. సింథ్ మీద ఆసక్తి ఉంటే లెర్నింగ్ సింథ్స్ అని దాని తమ్ముడు కూడా ఉంది.

వరుసగా ఎవరైనా చెబితే గానీ బుర్రకెక్కదు అనేవాళ్లకు కోర్సెరాలో బర్క్‌లీ కాలేజ్ వాళ్ల ఇంట్రడక్షన్ టు మ్యూజిక్ ప్రొడక్షన్. లౌడన్ స్టెర్న్స్ చెబుతారు. ఒక్క సాఫ్ట్‌వేర్‌కు కట్టేయకుండా, శబ్దం మైకులోంచి స్పీకర్ దాకా ఎలా ప్రయాణిస్తుందో చెప్పడం దాని బలం.

మిక్సింగ్‌కు మైక్ సీనియర్ రాసిన మిక్సింగ్ సీక్రెట్స్ ఫర్ ద స్మాల్ స్టూడియో. పుస్తకం కొనాలి, కానీ దాంతోపాటు ఆయన నడిపే మల్టీట్రాక్ లైబ్రరీ ఉచితం. నిజమైన బ్యాండ్ల పాటలు గొంతు వేరుగా, డ్రమ్స్ వేరుగా డౌన్‌లోడ్ చేసుకుని మిక్స్ ప్రాక్టీస్ చేయొచ్చు. సొంత పాట లేనివాళ్లకు ఇంతకంటే మంచి హోంవర్క్ నాకు తెలియదు. వినేటప్పుడు వైరు ఇయర్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్‌లో వచ్చే ఆలస్యంతో రికార్డింగ్ చేయలేరు. బఫర్ 512 శాంపిల్స్ పెడితేనే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 11.6 మిల్లీసెకన్లు పోతుంది, దాని మీద బ్లూటూత్ ఆలస్యం కూడా కలిస్తే తాళం మీ చేతిలో ఉండదు.

డబ్బు కట్టే కోర్సులన్నీ దండగ అనడం లేదు. మీ పాట విని "ఇక్కడ తప్పు" అని చెప్పే మనిషి దొరికితే ఆ గంటకు డబ్బిచ్చినా తప్పులేదు. వీడియోలకు ఇవ్వకండి, చెవికి ఇవ్వండి. కట్టేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: నా ప్రాజెక్టు ఎన్నిసార్లు, ఎవరు వింటారు? ఆ అకాడమీకి మావాడి చేత ఈ ప్రశ్న వాట్సాప్‌లో పెట్టించాను. జవాబుగా పేమెంట్ లింక్ వచ్చింది.

శ్రీరామనవమికి నాలుగు కాదు గానీ రెండు పాటలు అయ్యాయి. గుడి దగ్గర స్పీకర్‌లో వేశారట. బేస్ విని తాత "ఇదెవరు రా వాయించింది, మన జతకే వస్తాండాడే" అన్నారట. మూడో పాట మాత్రం కుదరలేదు. పోయిన వారం మెసేజ్ వచ్చింది: "అన్నా, చెక్కల మోత తగ్గిస్తే తాత గొంతు గూడా తగ్గిపోతాంది. దీని పేరేమి?"

బ్లీడ్ అని పంపాను. గంట తర్వాత వాడే ఫోన్ చేశాడు. ఈసారి రెండు ఫోన్లు పెడతాడంట, ఒకటి తాతకు, ఒకటి చెక్కలకు. రెండింటినీ కలపడానికి పాట మొదట్లో అందరూ ఒకేసారి ఒక్క చెక్క దెబ్బ వేయాలని బృందానికి అప్పుడే చెప్పేశాడట.